లారీ పక్కన సందు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడను టైలర్లందరూ సూదక్క అనేవారు. సగం ఆవిడ పనిని బట్టి వచ్చిన పేరు, సగం ఆవిడ మోటార్‌సైకిల్ నడిపే తీరును బట్టి. రెండు బస్సుల మధ్య కాస్త సందు దొరికితే చాలు, అందులోంచి దూసుకుపోయేది. ఒకచోట కాలు నిలవని మనిషి. ఒక షాపులో మిషన్ విప్పుతూ ఉండగానే మనసు పక్క వీధి షాపులో ఉండేది.

"అక్కా, కాస్త టీ తాగి వెళ్ళు" అంటే, "నేనిక్కడ తాగుతూ కూర్చుంటే అవతల ఫ్యాక్టరీలో పని ఆగిపోతుంది తమ్ముడూ" అంటూ పనిముట్లు సంచిలో పడేసి హెల్మెట్ పెట్టేసుకునేది.

ఆ రోజు కూడా అదే తొందర. గోదాముల వీధి మలుపులో, ముందు వెళ్తున్న పెద్ద లారీ నెమ్మదించింది. ఎడమకు లైటు వేసి, కుడివైపుకు జరిగింది. ఎడమ పక్కన దారి బార్లా తెరుచుకుంది. సూదక్క ఆ లైటు చూడనే లేదు, దారినే చూసింది. సగం దూరం లోపలికి వెళ్ళాక గాని తెలియలేదు, లారీ జరిగింది తనకు దారివ్వడానికి కాదని. అంత పొడుగు బండి ఎడమకు తిరగాలంటే ముందు అలా కుడికి జరగాల్సిందే. ముందు భాగం తిరిగిపోయింది. వెనక చక్రాలు మలుపును కోసుకుంటూ ఆవిడ మీదికి వచ్చేస్తున్నాయి. బండి వదిలేసి ఫుట్‌పాత్ మీదికి దూకింది. కళ్ళ ముందే పనిముట్ల సంచీ, బండి ముందు చక్రం ఆ టైర్ల కింద నలిగిపోయాయి.

జనం కేకలు వేస్తే లారీ ఆగింది. జుట్టంతా నెరిసిన డ్రైవరు దిగి, పరుగున వచ్చాడు. "నువ్వు నాకు కనబడలేదమ్మా!"

చీలమండ బెణకడంతో పోయింది. కానీ ఇంట్లో కూర్చోబెడితే కూర్చుంటుందా? కట్టుకట్టిన కాలితోనే గుమ్మం దాకా, గుమ్మం నుంచి వంటగది దాకా కుంటుతూ తిరిగేది.

"కనబడలేదంటాడా! ఎర్ర కోటు వేసుకున్నాను, లైటు వేసుకున్నాను. నేనేమన్నా చీమనా?"

"పోనీలేవే, ప్రాణం దక్కింది" అన్నాడు ఆవిడ భర్త. ఆయనది పుస్తకాల బైండింగ్ పని.

"దక్కింది సరే. కనబడలేదన్న ఆ మాటే నాకు మింగుడు పడటం లేదండీ."

బండి బాగుచేయించిన మర్నాడే భర్త వెనక ఎక్కి లారీల అడ్డాకు బయలుదేరింది. అద్దం తుడుచుకుంటున్న డ్రైవరును చూడగానే కడుపులో ఉన్న కోపమంతా కక్కేసింది. ఆయన గుడ్డ చేతిలో పట్టుకుని అంతా విన్నాడు.

"నువ్వెన్ని తిట్టినా పడతాను తల్లీ. ఒక్కసారి నా సీట్లో కూర్చుని చూడు."

సూదక్క విసురుగా ఎక్కింది. డ్రైవరు కిందనుంచి చెబుతుంటే, భర్త బండిని తెచ్చి ఎడమ తలుపు పక్కన నిలబెట్టాడు. ఆవిడ అద్దంలోకి చూసింది. గోడలాంటి లారీ పక్క భాగం తప్ప ఏమీ లేదు.

"ఏవండీ, ఎక్కడికి పోయారు?"

"ఎక్కడికి పోతానే, ఇక్కడే ఉన్నాను!" గొంతు సరిగ్గా తలుపు కిందనుంచి వచ్చింది.

"చెయ్యి ఊపండి!"

"ఊపుతూనే ఉన్నాను!"

మెడ చాచింది, సీట్లోంచి సగం లేచింది. ఆరడుగుల మొగుడు బండితో సహా మాయమైపోయాడు. డ్రైవరు చెప్పగా ఆయన బండిని వెనక్కి, ఇంకా వెనక్కి నెట్టుకుంటూ వెళ్ళాక గాని అద్దంలోకి మొదట హ్యాండిలు, తర్వాత నవ్వుతున్న మొహం రాలేదు.

"నా మొహం నీకు అద్దంలో కనబడితేనే నువ్వు నాకు కనబడ్డట్టు. అయినా నేనూ ఇంకాస్త ఆగి చూసుకోవలసింది" అన్నాడు డ్రైవరు. "ఆ రోజు నుంచి ప్రతి మలుపులో ఆగి చూస్తున్నానమ్మా. వెనకవాళ్ళు హారన్లతో చంపుతున్నారు."

సూదక్క లారీ దిగింది. ఇన్నాళ్ళూ కోపాన్ని పట్టుకుని నిలబడింది. అది కాస్తా జారిపోయాక భయం ఒక్కటే మిగిలింది. తిరుగు దారిలో ఏ లారీ మోత వినబడినా భర్త చొక్కా గుప్పిట్లో బిగించింది.

పనిలోకి వెళ్ళక తప్పలేదు. ఇప్పుడు లారీకి బాగా వెనకే, డ్రైవరు మొహం అద్దంలో కనబడేలా ఉంటుంది. "ఏంటక్కా ఇంత ఆలస్యం?" అని టైలర్లు విసుక్కుంటున్నారు. సందు కనబడితే చెయ్యి ఇప్పటికీ ఊరుకోదు. బ్రేకు మీద వేళ్ళు బిగించి దాన్ని ఆపుకోవాలి.

మొన్న ఒక మలుపు దగ్గర అలాగే ఆగి ఉంటే, ఎవరో ఒకాయన మోటార్‌సైకిల్ మీద హారన్ కొడుతూ ఆవిడను దాటి, తిరుగుతున్న లారీ పక్కకు దూరాడు.

"వద్దు బాబూ! ఆగు!"

ఆయనకు వినబడలేదు. వెనక చక్రాలు దగ్గర పడేలోపు ఎలాగో బయటపడ్డాడు. అరిచిందెవరా అని వెనక్కి చూసి, నవ్వి వెళ్ళిపోయాడు.

సూదక్క బండి పక్కకు తీసి ఆపింది. ఫోను మోగింది. ఫ్యాక్టరీ వాళ్ళు.

"ఎక్కడున్నావక్కా?"

"దారిలోనే ఉన్నాను" అంది. కాసేపటి దాకా కదలలేదు.