ఫిదేలియా అరువిచ్చిన సన్నికల్లు

యుకతాన్ అడవుల్లో, శిథిలాల పక్కనున్న ఆ ఊళ్లో సన్నికల్లు అరువివ్వని ఇల్లు లేదు. పెళ్లికో పండక్కో అడుగుతారు, మోసుకుపోతారు, పని కాగానే దాని మీద మొక్కజొన్న పిండి ముద్ద ఒకటి పెట్టి తెచ్చి దింపుతారు. ఉత్త రాయి తెస్తే ఇచ్చిన ఇంటిని అవమానించినట్టే. ఫిదేలియా ఉయికాబ్‌కు తెలిసిన న్యాయమంతా ఇదే. ఆమె కొంప ముంచిందీ ఇదే.

ఇరవై రెండేళ్ల కిందట తవ్వకాల వాళ్లు వచ్చినప్పుడు ఊరంతా తలుపులు వేసుకుంటే, ఈ మహాతల్లి మాత్రం పిలిచి కూర్చోబెట్టి అంబలి కాచి పోసింది. తాగుతున్న కుర్ర సారు కళ్లు ఆమె సన్నికల్లు మీద పడ్డాయి. ఆమె ముత్తవ్వకు పొలంలో దొరికిన రాయి అది. ఎన్నాళ్లదో ఎవరికీ తెలియదు. నాలుగు తరాల ఆడవాళ్లు నూరి నూరి దానికి గుంట పెట్టారు. బొమ్మ గీసుకుని ఆర్నెల్లలో ఇస్తామన్నాడాయన. అడిగితే లేదనడం ఆమె ఇంటావంటా లేదు. పైన నూరే పొత్రం ఉంచుకుని రాయి ఇచ్చేసింది. పిండి ముద్ద మాత్రం నేటికీ రాలేదు. అడగబోతే "కాగితం ఉందా?" అన్నారు. సన్నికల్లు అరువిచ్చి కాగితం రాయించుకునే ఆడది లోకంలో ఎక్కడుందో వాళ్లే చెప్పాలి.

ఆ రాయి ఇప్పుడు శిథిలాల దగ్గరి చిన్న మ్యూజియంలో ఉంది. ఈ ఆదివారం ఫిదేలియా అక్కడికి బయల్దేరింది. మనవరాలు రూబీ కూతురికి మూడో నెల. పొయ్యికి రాళ్లు మూడు గనుక ఆడపిల్లను మూడో నెలలోనే మొదటిసారి చంకనెత్తుకోవాలి, ఇంటి సన్నికల్లుకు చేయి తాకించాలి. రూబీకి పక్కింటి రాయితో కానిచ్చారు. ఆ ముల్లు ఫిదేలియా మనసులో ఇంకా ఉంది. ఈ పిల్లకైనా తమ రాయే కావాలని ఆమె పంతం. పొత్రాన్ని గుడ్డసంచిలో వేసుకుని, రూబీనీ పాపనూ వెంటబెట్టుకుంది.

సన్నికల్లు అద్దాల పెట్టెలో ఉంది. రూబీ చీటీ చదివింది: "ఈ గుంట పన్నెండు వందల ఏళ్ల నాటి మాయా జాతి స్త్రీల శ్రమకు గుర్తు. పొత్రం దొరకలేదు. ఆ ప్రజలు కనుమరుగయ్యారు."

"ఎవరే కనుమరుగైంది?"

"మనమే అమ్మమ్మా."

"మరి మొన్న ఓట్లకి మనింటికొచ్చి ఎవరి గడ్డం పట్టుకున్నారే?"

కాపలా ఉన్న విల్బర్త్ నవ్వు ఆపుకున్నాడు. వాడు ఆమె చెల్లెలి కొడుకే.

"ఒక్కసారి ఆ అద్దం తియ్యరా. నీకు పళ్లొచ్చింది ఈ రాయి మీది రొట్టెలు నమిలే."

"నా ఉద్యోగం ఊడుతుంది పెద్దమ్మా. అదిగో, పెద్దసారు వస్తున్నాడు, ఆయన్నడుగు."

పెద్దసారు ఆమె చెప్పిందంతా సగం చెవితో విన్నాడు. సంచిలోంచి తొంగిచూస్తున్న పొత్రం కంటబడేసరికి మాత్రం ముఖం చాటంత అయింది.

"అమ్మా, అది మాకివ్వండి. అద్దం ఇప్పుడే తీయిస్తాను, పాప చెయ్యి పెట్టుకోండి. ఆర్నెల్లలో తిరిగిచ్చేస్తాం. ఈసారి కాగితం కూడా రాసిస్తాను."

రెండంగుళాల దూరంలో రాయి. రూబీ అమ్మమ్మ ముఖం చూసింది. ఫిదేలియా పొత్రాన్ని బయటికి తీసి, కాసేపు పట్టుకుని, మళ్లీ సంచిలో పెట్టేసింది.

"ఇవ్వను. ముందు నాది నాకు తెచ్చివ్వండి, ముద్దతో సహా. అప్పుడడగండి."

డెబ్బై ఏళ్ల బతుకులో అరువడిగిన మనిషికి లేదనడం అదే మొదలు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. తనను అంత మాట అనేలా చేసినందుకు ఆయన మీద అసహ్యం పుట్టింది. ఆయన భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

ఆమె పాపను చంకనెత్తుకుంది. దాని పిడికిలి విప్పి, ఆ చేతిని అద్దానికి ఆనించింది. చల్లగా తగిలిందేమో, పిల్ల ఏడుపు అందుకుంది.

గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే, విల్బర్త్ జేబులోంచి గుడ్డ తీసి అద్దం మీది చేతి ముద్ర తుడుస్తున్నాడు. ఆమెను చూసి తల దించుకున్నాడు గానీ చేయి ఆపలేదు.

"బాగా తుడిచెయ్ నాయనా," అంది ఫిదేలియా. "మనం కనుమరుగైనవాళ్లం కదా."