అడిగిన ధరకే

హిందూపురం బజారులో మా నాయనకు బట్టల అంగడి ఉంది. తను చెప్పిన ధరకు గిరాకీ వెంటనే ఒప్పుకుంటే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. ఎక్కడో తక్కువ చెప్పేశామని మనసు పీకుతుంది. ఆ ఇంట్లో పెరిగాను కాబట్టి ఆ జబ్బు నాకూ అంటుకుంది. కావలసింది ఒకటైతే రెండు అడుగుతాను. రెండు రోజుల సెలవు కావాలంటే నాలుగు రోజులకు అర్జీ పెడతాను. పెళ్ళికి ముందు మా ఆయన్ను కాఫీకి పిలవాలనుకుని సినిమా, భోజనం కలిపి అడిగాను. ఆయనదీ మా బజారే కాబట్టి బేరం కాఫీ దగ్గర తెగింది.

నేను బెంగళూరు శివార్లలోని ఒక డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ జట్టును నడుపుతాను. బీరువాల్లాంటి ర్యాకులు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో ర్యాకు నెత్తిన ఎడమ ఒకటి, కుడి ఒకటి రెండు స్విచ్చులు. ఒకటి ఆగితే రెండోది మోస్తుంది. రెండూ ఆగితే ఆ ర్యాకులోని కంప్యూటర్లకు లోకంతో సంబంధం తెగిపోతుంది. ఇలాంటి చోట్ల స్విచ్చునూ దాని సాఫ్ట్‌వేర్‌నూ ఒకే పెద్ద కంపెనీ దగ్గర కలిపి కొనడం అలవాటు. మేం మాత్రం ఖాళీ పెట్టెలు ఒకచోట కొని, ఎవరైనా తెరిచి చూసుకోగల ఓపెన్ సాఫ్ట్‌వేర్ వేసి, వాటిని నడిపే ప్రోగ్రాములూ కాపలా కాసే తెరలూ మేమే రాసుకున్నాం. గుడ్డ ఒక అంగట్లో తీసుకుని కుట్టు ఇంకోచోట వేయించుకున్నట్టు. ఈ బేరం కుదిర్చింది నేనే. మా పెద్దసారు భయపడుతూనే ఒప్పుకున్నాడు. వేసవిలో ఒకసారి హాలు మొత్తం ఆగిపోయినప్పుడు ఆయన గొంతు పెంచకుండానే చెప్పాడు: "ఇంకొక్కసారి ఇలా జరిగితే పాత కంపెనీ పెట్టెలకే వెళ్ళిపోదాం. అప్పుడు మీ జట్టుతో పని ఉండదు."

ఆ ఆదివారం స్విచ్చులన్నిటికీ కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తున్నాం. మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు. మా ప్రోగ్రాము ఒక స్విచ్చు మీది బరువు పక్కదానికి మళ్ళించి, కొత్తది వేసి, లేపి, సరిగ్గా ఉందో లేదో చూసుకుని తర్వాతదాని దగ్గరికి వెళుతుంది. మొట్టమొదట వేసే స్విచ్చును మేం బోణీ అంటాం. పొద్దున బోణీ బాగా అయింది. ఎడమ స్విచ్చులన్నీ అయి, కుడివి మొదలయ్యాయి. డ్యూటీలో మా జట్టులోని రొద్దం ఊరి అమ్మాయి ఉంది, గట్టి మనిషి. ఆ ధైర్యంతో నేను నాయనతో కలిసి పట్టుచీరలు తీసుకురావడానికి ధర్మవరం వెళ్ళాను.

తిరిగి పెనుకొండ మీదుగా హిందూపురం వెళ్ళే బస్సులో వస్తుండగా ఆ అమ్మాయి దగ్గరనుంచి ఒక బొమ్మ వచ్చింది. కొత్తది వేసిన స్విచ్చుల్లో మెమరీ ఎంత నిండిందో చూపే గీత. తెర మీద చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి. గీత మాత్రం కొద్దికొద్దిగా పైకి పాకుతోంది. దిగడం లేదు. మెమరీ నిండితే స్విచ్చుకు దారులు తెలిపే ప్రోగ్రాము చచ్చిపోతుంది. ఇప్పటికి సగం ర్యాకుల్లో రెండు స్విచ్చులకూ కొత్తదే పడింది. మిగతా సగానికి కుడివైపు పాతది, మంచిది, ఇంకా ఉంది. ఇప్పుడే ఆపి, కొత్తవాటిని ఒక్కొక్కటిగా పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి తీసుకుంటే హాలు నిలుస్తుంది.

పెద్దసారుకు ఫోన్ చేశాను.

"అన్నీ పచ్చగానే ఉన్నాయి కదండీ," అన్నాడాయన. "రేపు కొత్త కస్టమర్ యంత్రాలు వస్తున్నాయి. ఇవాళే అయిపోవాలి."

ఆపుదాం అంటే, ఇంకొన్ని వేసి ఆపుదాం అంటాడు. నాకు అలాగే వినిపించింది. అందుకని నోరు దానంతట అదే పెద్ద ధర చెప్పింది.

"ఆపితే చాలదు సార్. వేసినవన్నీ వెనక్కి తీసేయాలి. ఇప్పుడే."

అన్నిటినీ ఒకేసారి వెనక్కి తీసే ఆదేశం ఒకటి ఉంది. హాలంతా అప్పటికే పడిపోయినప్పుడు వాడడానికి నేనే రాశాను. అది కొత్తది వేసిన స్విచ్చులన్నిటినీ ఒక్కసారిగా ఆపి లేపుతుంది. బాగున్న హాలు మీద దాన్ని వదిలితే సగం ర్యాకులు ఆ క్షణమే చీకటైపోతాయి. బుద్ధి ఉన్నవాడెవడూ ఒప్పుకోడు. అన్నీ ఎందుకండీ, ముందు ఆపి చూద్దాం అంటాడు. నాకు కావలసింది అదే.

"సరే," అన్నాడు సారు. "మీరంటే సరే. తీయించేస్తాను."

ఫోన్ పెట్టేశాడు. హైదరాబాదులో పెరిగిన మనిషి. చీటీ మీదున్న ధర చూసి డబ్బు కట్టేసే రకం. మళ్ళీ కలిపేలోపు బస్సు గుట్టల మధ్యకు వచ్చింది. సిగ్నల్ పోయింది.

"ఏమ్మా, మొగం అట్ల పెట్టినావు?" అన్నాడు నాయన, ఒళ్ళో చీరల మూటతో.

"మా సారు నేనడిగిందానికే ఒప్పుకున్నాడు నాయనా."

"బేరమే ఆడల్యా?"

"లేదు."

నాయన మూట పక్కన పెట్టాడు. "అయితే వానికి సరుకు తెలీదు. నిన్ను నమ్మి కొన్యాడు. యట్లనో సూడు మల్ల."

పెనుకొండ బస్టాండులో సిగ్నల్ వచ్చింది. ముందు ఆ అమ్మాయికి చేశాను.

"సారు సిస్టంలో ఒప్పుకున్నట్టు పెట్టినాడక్కా. వెనక్కి తీసే స్విచ్చుల లిస్టు తయారైతాండాది. నేను సరే అని కొడితే నడుస్తాది."

"రెండు స్విచ్చులూ ఒకేసారి పోయే ర్యాకులు ఉండాయా?"

"చానా ఉండాయి. నాకూ చేతులాడల్యా. కానీ ఎందుకు కొట్టలేదని సారు అడుగుతాండాడు."

"కొట్టొద్దు!"

"అక్కా, ఒప్పుకున్నోళ్ళే ఆపల్ల అని రూలు రాసింది నువ్వే. సారుతో ఒక్క మాట చెప్పించు. నేను యంతసేపని నాన్చేది?"

సారు లైను బిజీ. మళ్ళీ చేశాను. బిజీ. డ్రైవర్ టీ తాగి ఎక్కాడు. బస్సు కదిలితే దారిలో ఎక్కడ సిగ్నల్ పోతుందో తెలియదు. దిగిపోయాను. నాయన కూడా మూటతో దిగాడు. "టికెట్టు హిందూపురం దంకా తీసినాం గదమ్మా," అని వెళ్ళిపోతున్న బస్సును చూస్తూ నిలబడ్డాడు.

ఈసారి సారు ఎత్తాడు.

"ఏమిటండీ, మీ అమ్మాయి నొక్కడం లేదు?"

"నొక్కనివ్వొద్దు సార్. నేను ఎక్కువ చెప్పాను."

"ఎక్కువంటే?"

"మీరు తగ్గిస్తారనుకున్నాను. ఆపితే చాలు. అన్నీ ఒకేసారి తీస్తే సగం ర్యాకులు పోతాయి. మీరు ఒప్పుకోరనే చెప్పాను."

"ఒప్పుకున్నాను కదా."

"అదే సార్, నేననుకోనిది."

ఆయన నెమ్మదిగా అడిగాడు. "మరి ఇప్పుడు చెబుతున్నదాంట్లో ఎంత ఎక్కువ ఉంది?"

ఏమీ లేదని ఒట్టు వేయబోయి ఆగాను. ఇదే అసలు ధర అని నాయన వేసిన ఒట్లు వింటూ పెరిగినదాన్ని. ఆ ఒట్టుకు ఎంత విలువ ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అంగట్లో గిరాకీకి అనుమానం వస్తే మాటలతో పని జరగదు. చీరను లైటు కింద నుంచి తీసి, వీధిలో ఎండకు పట్టి చూపించాలి.

"నన్ను నమ్మకండి సార్. తెర మీరే తెరవండి. చుక్కల రంగు వదిలేసి మెమరీ గీతలు తీయండి. పొద్దున వేసిన ఎడమ స్విచ్చొకటి, ఇంకా వేయని కుడి స్విచ్చొకటి పక్కపక్కన పెట్టండి."

అవతల మౌస్ చప్పుడు. బస్టాండులో ఎవరో కండక్టరు గుడిబండ, గుడిబండ అని అరుస్తున్నాడు. నేను చెవి మూసుకున్నాను. మౌస్ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆయన ఒకటి చూసి వదల్లేదు, ఇంకా ఇంకా తెరుస్తున్నాడు. గిరాకీ సరుకును అలా తిప్పి తిప్పి చూసినా బాధ లేదనిపించింది.

"పాతది బల్లపరుపుగా ఉంది," అన్నాడు చివరికి. "కొత్తవన్నీ ఎక్కుతున్నాయి. ఆపేస్తున్నాను. ఒక్కొక్కటే తీయించండి. రేపు ఆఫీసులో మాట్లాడుకుందాం."

ఆ అమ్మాయి ఒక్కొక్క స్విచ్చునే పాతదానికి మార్చుకుంటూ వచ్చింది. ఒక్క ర్యాకూ తెగలేదు. నేను ఆ వార్తలు వింటూ పెనుకొండ బస్టాండు బెంచీ మీదే కూర్చున్నాను. నాయన పక్కన చీరల మూట మీద మోచెయ్యి ఆనించి, అంతా అయిందని తెలిశాక అన్నాడు.

"వాడు అడక్కముందే నువ్వే తగ్గించినావు గదా. మన ఇంట్లో ఎవరూ చేసిండ్లేదు ఆ పని."

జట్టు మిగిలింది. ఓపెన్ పెట్టెలూ మిగిలాయి. పెద్దసారు మాత్రం మారాడు. ఇప్పుడు నేనేం చెప్పినా ముందు తెర తెరుస్తాడు. చూసుకున్నాకే సరే అంటాడు. ఒక్కోసారి సగానికి తగ్గించి అడుగుతాడు కూడా. ఆయనకు బేరం నేర్పినదాన్ని నేనే కాబట్టి నోరెత్తను.

ఆ సాయంత్రం హిందూపురంలో బస్సు దిగాక ఇంటికి ఆటో మాట్లాడాం. ఆటో అతను ఒక ధర చెప్పాడు. నాకు ఇంకో బేరం ఆడే ఓపిక లేదు. సరే పద అని ఎక్కి కూర్చున్నాను.

నాయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆటో అతను బండి తీయకుండా, అద్దంలోంచి మా ఇద్దరినీ చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.