ముప్పై రెండో అధ్యాయం

మా మేనత్తతో వాదించి గెలిచిన మనిషిని నేను చూడలేదు. వాదన అందరిలాగే మొదలుపెట్టేది. ఓడిపోయేలా ఉందనిపించగానే కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, "బైబిల్లో ఉంది" అనేది. ఇంక ఎదుటివాళ్ల నోటికి తాళం పడ్డట్టే. అందరూ ఆమెను వచనాలత్త అనేవాళ్లు. ముఖం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు, నాతో సహా.

ఆమె పుస్తకాలు బైండు చేసేది. తాతయ్య నుంచి వచ్చిన షాపు, రెండు గదులు. ముందు గదిలో అట్టలు కోసే మిషను, కుట్టు చట్రం, జిగురు గిన్నె. వెనక గదిలో తాతయ్య లేబుళ్లు అచ్చేసుకున్న చిన్న చేతి ప్రెస్సు, సీసం అక్షరాలుండే అరల పెట్టె. వాడిన అక్షరాలను తిరిగి అరల్లో సర్దడం చిన్నప్పుడు అత్త పని. తర్వాత ప్రెస్సు మూలన పడింది, బైండింగు మిగిలింది. లైబ్రరీ పుస్తకాలు, కోర్టు కాగితాల కట్టలు, వందల బైబిళ్లు ఆమె చేతిలో కొత్త వెన్ను తొడుక్కుని వెళ్లాయి. వాటిలో ఒక్కటి కూడా ఆమె చదవలేదు. చదవడం బైండరు పని కాదనేది. ఆమె చూసేది మడత, కుట్టు, అంచు. ఇంత శ్రద్ధగా కుట్టిన పుస్తకంలో తప్పెందుకుంటుంది అని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆమె చదివిన ఒకే ఒక్క పుస్తకం, తాతయ్య బైండు చేసిన మా ఇంటి బైబిలు. అందులో సామెతల గ్రంథం ముప్పై రెండో అధ్యాయం అంటే ఆమెకు ప్రాణం. ఎప్పుడో కంఠతా వచ్చేసింది కాబట్టి ఆ పేజీ తెరిచి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆదివారం చర్చి వెనక హాల్లో పిల్లలకు చెప్పే పాఠమూ అదే. నేనూ ఆ బెంచీల మీద కూర్చుని అప్పజెప్పినదాన్నే.

"చేతులు కడుగుకొనక పుస్తకము ముట్టకుము. జిగురు ఆరకమునుపు అట్ట తెరువకుము. పిల్లిని కాగితముల మీద పండుకొననియ్యకుము."

జిగురంటే ఓర్పు అని, అట్ట అంటే ఎదుటివాడి మనసని, పిల్లి అంటే బద్ధకమని అత్త అర్థం చెప్పేది. "మరి కాగితాలంటే ఏంటత్తా?" అని ఒకసారి అడిగాను. "కాగితాలంటే కాగితాలే. నోరు మూసుకుని కూర్చో" అంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివరి వచనం. "మొదట భుజించుము, పిమ్మట ఏడ్వుము, నేను నీ ప్రక్కన కూర్చుండెదను." దాని వెనక కథ కూడా చెప్పేది. తొమ్మిదో ఏట ఆమె తల్లి పోయింది. రెండు రోజులు పిల్ల ఏమీ ముట్టలేదు. అప్పటికే గట్టి ఘటం, ఎవరేం చెప్పినా "బైబిల్లో ఉందా?" అని అడిగే రకం. తాతయ్య తినమని బతిమాలితే అదే అడిగింది. "వెతికి చెప్తా తల్లీ" అని ఆయన మర్నాడు పొద్దున్నే షాపులోకి వెళ్లి తలుపేసుకున్నాడు. సాయంత్రానికి దొరికిందని తెచ్చి చూపించాడు. ఆమె తింది. "ఒక్క వచనం కోసం మా నాన్న రోజంతా వెతికాడర్రా" అనేటప్పుడు అత్త గొంతు మెత్తబడేది. మేం దానికోసమే కాచుకుని ఉండేవాళ్లం, ఎందుకంటే ఆ వెంటనే మమ్మల్ని ఇంటికి వదిలేసేది.

ఎవరింట్లో చావు జరిగినా అత్త మూత పెట్టిన గిన్నెతో వెళ్లేది. వచనం చెప్పి, దగ్గరుండి తినిపించి, వాళ్లు ఏడుపు మొదలుపెట్టాక కూడా పక్క నుంచి కదిలేది కాదు. తను మాత్రం ఏడవగా ఎవరూ చూడలేదు. తాతయ్య పోయిన రోజు కూడా తినేసి, చేతులు కడుక్కుని, కుట్టు చట్రం ముందు కూర్చుంది.

పాత పాస్టరు గారు ముప్పై రెండో అధ్యాయం మాట వినగానే దగ్గేవారు. అది దగ్గు కాదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన రిటైరయ్యాక కుర్ర పాస్టరు వచ్చాడు. వచ్చిన నెలలోనే, బైబిల్లో ఉన్నాయని అందరూ అనుకునేవీ నిజానికి లేనివీ ఒక జాబితా రాసుకొచ్చి ప్రసంగంలో చదివాడు. తోటలో మొదటి మనుషులు తిన్న పండు ఆపిలని ఎక్కడా లేదట. క్రిస్మస్ కథలో తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ముగ్గురని లెక్క లేదట. పరిశుభ్రతే దైవమంటూ హాల్లో కుళాయి పైన తగిలించిన బోర్డూ బైబిలు మాట కాదట. తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడని బేకరీ ఆయన తన కొట్టు గోడ మీద బంగారు రంగుతో రాయించుకున్న వాక్యమైతే అసలే లేదట. బేకరీ ఆయన ముఖం మాడిపోయింది. అత్త వెనక్కి తిరిగి ఆయన్ని జాలిగా చూసింది.

తర్వాతి ఆదివారం పాస్టరు మా అత్త క్లాసులో వెనక బెంచీ మీద వచ్చి కూర్చున్నాడు. పిల్లలు అప్పజెప్పడం అయ్యాక మెల్లగా లేచాడు.

"అమ్మా, ఏ అధ్యాయం అన్నారు?"

"ముప్పై రెండు."

"సామెతల గ్రంథం ముప్పై ఒకటితో అయిపోతుందమ్మా."

"మీ పుస్తకంలో అయిపోతుందేమో."

"పైగా పిల్లి... సింహాలున్నాయి గానీ, ఇంట్లో తిరిగే పిల్లి ఎక్కడా లేదమ్మా."

"అంత సింహానికి చోటున్నప్పుడు పిల్లికి లేకుండా పోతుందా బాబూ?"

పిల్లలు పడీపడీ నవ్వారు. పాస్టరు నవ్వలేదు. "లేని మాట ఉందని పిల్లలకి నేర్పకూడదు కదమ్మా" అన్నాడు. అది తగిలింది. అత్త నిటారుగా నిలబడి, "వచ్చే ఆదివారం మా నాన్న పుస్తకం తెస్తా. అందరి ముందూ చూపిస్తా. చూపించలేకపోతే ఈ క్లాసు మానేస్తా" అంది.

అత్త అన్న మాట తప్పదు. పెళ్లీ పిల్లలూ వద్దనుకున్న మనిషి. ఆదివారం ఆ గంట కోసమే మిగతా ఆరు రోజులూ పనిచేసేది. నేను చాటుగా ఫోనులో చూశాను కూడా. ముప్పై ఒకటే.

ఆ ఆదివారం అందరికీ హాల్లోనే భోజనాలు. బల్లలు వేసి ప్లేట్లు పేర్చి ఉన్నాయి, కానీ వాటి వంక ఎవరూ చూడలేదు. అత్త గుడ్డ మూట విప్పి బైబిలు తీసి, తడుముకోకుండా పేజీ తెరిచి పాస్టరు ముందుకు తోసింది. ఉంది! ముప్పై రెండో అధ్యాయం, నల్లగా అచ్చులో, జిగురుతో, పిల్లితో సహా. పాస్టరు రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"క్షమించండమ్మా. ఇది ఏ ముద్రణో నాకు తెలీదు. మీరే నెగ్గారు."

అందరికన్నా గట్టిగా బేకరీ ఆయన చప్పట్లు కొట్టాడు.

అక్కడితో పుస్తకం మూసేస్తే సరిపోయేది. కానీ గెలిచిన ఉత్సాహంలో అత్త, పిల్లి ఉన్న చోటు వేలుపెట్టి చూపించబోయింది. చేతికున్న అలవాటు కొద్దీ ఆ వేలు రెండు పేజీల మధ్య మడతలోకి జారింది. అక్కడ ఆగిపోయింది. ఆ పేజీకి కుట్టు లేదు. సన్నని కాగితం పట్టీకి అంటించి ఉంది. అత్త కళ్లద్దాలు సర్దుకుని వంగింది. పక్క పేజీల కంటే ఇందులో అక్షరం పిసరంత లావు. మొదటి వచనంలో ఒక 'క'కు తలకట్టు విరిగి ఉంది. ఆ విరిగిన అక్షరాన్ని అరలో పెట్టేటప్పుడల్లా "ఇది పారేద్దాం నాన్నా" అని తాతయ్యతో పోట్లాడేదాన్నని ఆమే నాకు ఎన్నోసార్లు చెప్పింది.

హాల్లో ఇంకెవరికీ ఏమీ తెలియలేదు. ఆమె నోరు మెదపకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

"పాస్టరు గారూ" అంది అత్త. "మీరన్నదే నిజం. ఇది బైబిల్లోది కాదు."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇది మా నాన్న పని. అక్షరాలు మా పెట్టెలోవి, జిగురు మా గిన్నెలోది. ఒక్క వాక్యమే అచ్చేస్తే నేను పట్టేస్తానని పైన తోచినవన్నీ పేర్చాడు. షాపులో కూర్చున్నవాడికి ఏం తోస్తాయి, జిగురూ పిల్లీ తప్ప!" నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "రోజంతా వెతికాడనుకున్నా. రోజంతా కూర్చుని ఒక్కో అక్షరం పేర్చాడు, నేను తింటానని."

పాస్టరు ఆ పేజీని మళ్లీ ఒకసారి చదివాడు. తర్వాత, "క్లాసు మానకండమ్మా. వచ్చే వారం కూడా ఈ పేజీయే చెప్పండి" అన్నాడు.

"ఏ అధ్యాయమని చెప్పను?"

"మీ నాన్నగారి అధ్యాయమని చెప్పండి."

అత్త తలూపి, పిల్లల బెంచీ మీద కూలబడింది. పాస్టరు వెళ్లి ఒక ప్లేటులో భోజనం పెట్టి తెచ్చి, ఆ పొట్టి బెంచీ మీదే మోకాళ్లు గడ్డానికి ఆనేలా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. అత్తకు ఏడుపొస్తోందని తెలిసి నేను దగ్గరికి వెళ్లాను. నాకు తెలిసింది ఒకటే మాట.

"ముందు తినత్తా. తర్వాత ఏడుద్దువు గాని."

అత్త నా వైపు చూసింది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అది బైబిల్లో లేదుగా. ఇవాళ ముందే ఏడుస్తా" అంది.

తొమ్మిదో ఏట నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. ఆమె తినేదాకా పాస్టరు ప్లేటు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.