బట్టమేక పిట్ట కనపడిన రోజు

నంద్యాలలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన సామ్యేలు సారుకు రెండే పిచ్చులు. ఒకటి పిట్టలు, రెండోది క్రమశిక్షణ. ఆ రెండోదే కొంప ముంచింది.

రెండువేల సంవత్సరంలో ఆయన ముసలోళ్లను ఎనిమిది మందిని కూడగట్టినాడు. నెలకో శనివారం వ్యాను మాట్లాడుకుని, ఉప్మా డబ్బా, పాత దుర్భిణి పెట్టుకుని పిట్టల్ని చూడను పోయేవాళ్లు. "ఇంట్లో మూలిగే బదులు ఎండలో మూలగండప్పా" అనేవాడు సారు. బీడులోకి దిగినాక మాత్రం ఆయన మాటే శాసనం. ఒక్కొక్కరూ ఒక్కో పొద పక్కన కూచోవాల. మాట్లాడగూడదు, దగ్గగూడదు. ఏమన్నా కావాలంటే చెయ్యెత్తాల, సారు తల ఊపితేనే కదలాల. డెబ్భై ఏళ్ల మనుషులు ఒకటో తరగతి పిల్లోళ్ల మాదిరి వింటాంటే సారుకు ఎక్కడలేని గర్వం.

ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చే బాలమ్మ హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. మొగుడు లేడు, కొడుకు మల్లేశ్ మోటార్లకు వైండింగ్ చుడతాడు. ఆమెకు చక్కెర జబ్బు, గంటకోసారి ఒంటికి పోవాల. అందుకని పాపం ఎప్పుడూ చెయ్యెత్తేది ఆమే.

"ఏందమ్మా బాలమ్మా, నీ చెయ్యి చూసి పిట్టలన్నీ కర్నూలు దాటిపోతాండాయి" అని సారు విసుక్కునేవాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేది.

దేశంలో ఎక్కడో కొన్ని మాత్రమే మిగిలిన ఆ పెద్ద బట్టమేక పిట్ట కోసం నందికొట్కూరు దావలోని గడ్డిబీళ్లకు నాలుగు సార్లు పోయినారు. ఈక కూడా కనపడలేదు. ఐదోసారి, వానలు తగ్గినాక పోతే, వ్యాను దిగంగానే గొర్రెలాయన అడ్డమొచ్చినాడు.

"ఈడ కూచోగాకండప్పా. గడ్డి ఏపుగా ఎదిగింది, రక్తపింజర్లు తిరుగుతాండాయి. నిన్న నా గొర్రె ఒకటి పోయింది."

"మేం కదలం, మెదలం. మమ్మల్నెందుకు కరుస్తాయప్పా?" అని సారు కొట్టిపారేసినాడు. బాలమ్మ మాత్రం తన రబ్బరు చెప్పుల పక్క ఒకసారి చూసుకుంది.

ఎనిమిదిన్నరకు గడ్డి మీదుగా తెల్లటి మెడ ఒకటి నిలువునా లేచింది. సారు దుర్భిణి కంటికి ఆనించినాడు. సరిగ్గా అప్పుడే, పదడుగుల అవతల బాలమ్మ చెయ్యెత్తింది. ఆయన ఆమె మొహం చూడలేదు, చెయ్యే చూసినాడు. 'ఇప్పుడే రావాల్నా తల్లీ నీకు' అని పళ్లు నూరుకుని, దించమని సైగ చేసినాడు. దించింది. కాసేపటికి మళ్లీ ఎత్తింది. ఈసారి ఇంకా పైకి. సారు మళ్లీ దించమన్నాడు.

పిట్ట అరగంట మేసింది. అది ఎగిరిపోయినాక అందరూ చప్పట్లు కొట్టినారు, బాలమ్మ కొట్టలేదు. పక్కకు ఒరిగిపోయి ఉండాది. మడమ దగ్గర రెండు గాట్లు, కాలు మోకాలి దాకా ఉబ్బింది.

"అరవచ్చు కదమ్మా!" అని సారు గొంతు చించుకున్నాడు.

"నువ్వు ఆగమంటివి గదా సారూ" అంది ఆమె.

నంద్యాల ఆసుపత్రికి చేరేసరికి చిగుళ్ల నుంచి రక్తం కారతాంది. అరగంట ముందు తెచ్చింటే ఆశ ఉండేది అన్నాడు డాక్టరు. సాయంత్రానికి మల్లేశ్ పరిగెత్తుకుంటా వచ్చి, "మా యమ్మ మిమ్మల్ని పిలవలేదా సారూ?" అని అడిగినాడు. సారు నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి బాలమ్మ అందుకుంది.

"ముల్లు గుచ్చుకుందనుకున్యా నాయనా. ఎవురికీ చెప్పలేదు. సారుకేం తెల్దు."

సారు తల దించుకుని నిలబడినాడు. ఛీ, ఆ క్షణాన ఆయనకు ప్రాణం ఎంత తేలికపడిందో! మూడో రోజు తెల్లారేసరికి ఆమె పోయింది.

ఆళ్లగడ్డలో మట్టి చేసినాక మల్లేశ్ సారు చేతులు పట్టుకుని ఏడ్చినాడు. "హాస్టలు పొయ్యి పొగలోనే ముసిలిదైన మనిషి సారూ. నాయన పోయినాక నవ్వింది మీ ఎంబడి తిరిగేటప్పుడే."

సారుకు ఇంక తట్టుకోను చాతకాలేదు. "మల్లేశా, మీ యమ్మ చెయ్యెత్తింది. రెండుసార్లు. నేను చూసినా. చూసి దించమన్నా."

మల్లేశ్ చేతులు వదిలేసినాడు. కొడతాడేమో అనుకున్నాడు సారు, కొట్టినా బాగుండనుకున్నాడు.

"ఆ పిట్టనన్నా చూసిందా మా యమ్మ?" అని అడిగినాడు మల్లేశ్.

"తెల్దు నాయనా" అన్నాడు సారు. "నేను ఆమె పక్క చూళ్లేదు."