మీటరు చెప్పే దాకా మస్తాన్ గారు

కొత్త కేబులు పైతొడుగు ఒలిచినప్పుడు వచ్చే వాసన, గాలిలో తేలే కారపు ధూళితో కలిసి, మొన్న నల్లపాడులోని ఒక మిల్లులో నా ముక్కుకు తగిలింది. వైరింగు సరిచూడమని పిలిస్తే వెళ్ళాను. పని మొదలుపెట్టక ముందే మస్తాన్ గారు గుర్తుకొచ్చారు. ఆయన పోయి ఏడేళ్ళయింది. అంకె చూడకుండా దేన్నీ నమ్మరాదని నాకు నేర్పినది ఆయనే.

నాకప్పుడు నలభై ఒక్క ఏళ్ళు. అద్దంకి చుట్టుపక్కల మిరప చేలల్లో పదిహేడేళ్ళు బోరు మోటార్లు బిగించి, ఆ గర్వంతోనే కారం ప్యాకింగ్ చేసే మిల్లులో చేరాను. మస్తాన్ గారు అక్కడ హెడ్ ఎలక్ట్రీషియన్. పొట్లాల కవరును లాగే రోలరుకు సర్వో మోటారు ఉండేది. డ్రైవ్ అనే పెట్టె ఎంత తిరగమంటే అది అంతే తిరుగుతుంది; ఎంత తిరిగిందో ఆ పెట్టెకు తిరిగి తెలుపుతుంది.

ఒక శుక్రవారం మస్తాన్ గారు నమాజుకు వెళ్ళిన వేళ నేను కొత్త మోటారూ, కొత్త డ్రైవూ బిగించాను. రోలరు ఎదురు తిరిగింది. బోరు మోటారు ఎదురు తిరిగితే మా చేలల్లో చేసేది ఒక్కటే, మూడు తీగల్లో రెండింటిని తారుమారు చేయడం. అదే చేసి స్విచ్ వేశాను. కవరు సర్దుతున్న రమణమ్మ ముందే రోలరు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి ఆగిపోయింది. ఆమె చేతికి చుట్టుకున్న గుడ్డ లోపలికి పోయింది. వేళ్ళు దక్కాయి.

ఆమె చేయి వెనక్కి లాక్కుని అంది: “ఏందండీ సుబ్బారావు గారూ, రేపట్నుంచి నాకు అన్నం మీరు కలిపి పెడతారా?”

అప్పుడే వచ్చిన మస్తాన్ గారు, “ఏం మార్చారు?” అని అడిగారు.

“రెండు తీగలు. బోరుకి చేసినట్టే.”

“బోరు నీళ్ళు తోడుద్ది, అంతే. ఇది అడుగడుక్కీ లెక్క చూసుకుంటది. తీగలు మారిస్తే దాని లెక్క ఒకవైపు, పరుగు ఒకవైపు. దిక్కు మార్చేది డ్రైవ్ సెట్టింగులోనండీ, తీగల్లో కాదు.”

సిగ్గుతో మెయిన్ తీసేసి పెట్టెలో చేయి పెట్టబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

“కరెంటు పోయిందని ఎవరు చెప్పారు?”

“మెయిన్ తీశానుగా!”

ఆయన మీటరు పెట్టి చూపించారు. మూడు వందల పన్నెండు వోల్టులు. డ్రైవ్ తన కెపాసిటర్లలో దాచుకున్న కరెంటు అది. ఇందాక తీగలు మార్చినప్పుడు నేను ఏ మీటరూ పెట్టలేదు. అప్పుడు బతికిపోయినది నా తెలివి వల్ల కాదని ఆ అంకె చూసే దాకా నాకు తెలియదు.

యజమాని గుమ్మంలోంచి కేకేశారు: “మస్తానూ, లారీ వచ్చి నిలబడింది. ఎంతసేపయ్యా?”

“లారీకి చేతుల్లేవు సార్. ఆగుద్ది.”

కరెంటు తీశాక ఇంతసేపు ఆగమని డ్రైవ్ మీద ముద్రించిన నిమిషాలన్నీ గడిపాం. మీటరు సున్నాకు దిగాక తీగలు యథాస్థానంలో పెట్టించారు. ఎర్తు బిగువును ఆయనే స్వయంగా లాగి చూశారు. కరెంటు కేబులుకు ఆనుకుని పోతున్న సిగ్నల్ కేబులును జానెడు దూరం జరిపించారు. బెల్టు ఊడదీసి మోటారును ఒంటరిగా, నెమ్మదిగా తిప్పించి, సెట్టింగులో దిక్కు మార్చారు. రెడ్ బటన్ నొక్కి ఆగుతుందో లేదో మూడుసార్లు చూశారు. యజమాని మరో రెండుసార్లు కేకేశారు. ఆయన తల తిప్పలేదు.

బెల్టు ఎక్కించాక రమణమ్మ ఆయన్ని అడిగింది: “ఇప్పుడు చెయ్యి పెట్టొచ్చా?”

“నన్నడుగుతావేంటమ్మా? బిగించింది ఆయన. ఆయన్నే అడుగు.”

ఆమె నా వైపు తిరిగింది. మెయిన్ మళ్ళీ తీశాను, నిమిషాలు లెక్కపెట్టాను, మీటరు పెట్టాను, ప్రతి స్క్రూనూ నా చేత్తో బిగించి చూశాను. మస్తాన్ గారు తొందరపెట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. చివరికి, “పెట్టొచ్చమ్మా” అన్నాను.

నాటి నుండి నేటి వరకు ఎందరో మిల్లు యజమానులు “అయిందా?” అని నన్ను అడిగారు. వారికి చెప్పే జవాబును మిషన్ దగ్గర నిలబడే మనిషి వేళ్ళు చూసిన తరువాతే చెబుతున్నాను.