కోడలి గొంతు

రికార్డింగ్ స్టూడియోలో అందరూ ఆమెను గొంతక్క అనేవారు. అసలు పేరుతో అక్కడ ఎవరికీ పని పడేది కాదు. సన్నటి మనిషి, నలుగురిలో నిలబడితే ఉన్నట్టే తెలియదు. నోరు విప్పితే మాత్రం కూరగాయల బండివాడు కూడా తూకం ఆపేసి, "మీ గొంతు ఎక్కడో విన్నానండీ" అనేవాడు. వినకేం చేస్తాడు, రోజూ సాయంత్రం వాళ్ళింట్లో టీవీలో కుమిలి కుమిలి ఏడ్చే కోడలి గొంతు ఈవిడదే.

తెరమీద కనబడే కోడలు వేరు. ఆ అమ్మాయిది వేరే భాష, మన మాట ఒక్క ముక్క రాదు. మొదట్లో షూటింగులో డైలాగు చెప్పమంటే తన భాషలో అంకెలు లెక్కపెట్టేది. ఒకటి రెండు మూడు అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది, ఏడు ఎనిమిది అని అత్తగారి కాళ్ళమీద పడేది. ఆ అంకెలు పలికిన పెదాల మీద "నేనే పాపం చేశాను అత్తయ్యా" అన్న మాటను అతుకు కనబడకుండా కూర్చోబెట్టడం గొంతక్క పని. చీకటి గదిలో కూర్చుని ముందు సీనంతా శబ్దం లేకుండా చూస్తుంది. ఎక్కడ పెదాలు మూసుకున్నాయి, ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఎక్కడ గుటక మింగింది, అన్నీ పట్టుకున్నాకే మైకు ముందుకు జరుగుతుంది.

గొంతక్కకి అనుమానం పుట్టుకతో వచ్చిందని భర్త అంటాడు. ఆయనది వీధి మొదట్లో కళ్ళజోళ్ళ దుకాణం. ఈవిడ ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తుంది. డాక్టరు నీకేమీ లేదమ్మా అంటే ఏదో దాస్తున్నాడంటుంది. దీనికి పుట్టుకను అనడం అన్యాయం. రోజంతా ఇంకొకరి మొహంలోకి చూస్తూ, వాళ్ళు అనని మాటను అన్నట్టు నమ్మించే మనిషికి, బయటికొచ్చాక ఎవరు ఏమన్నా నమ్మబుద్ధి అవుతుందా?

ఆ ఏడు ఆమె అనుమానానికి అసలైన మేత దొరికింది. కోడలి పెదాలు మారాయి. అంకెలు పోయి, రాసిచ్చిన మాటలే ఆ పెదాల మీద ఆడుతున్నాయి. 'మామయ్యా' అన్నచోట పెదాలు ముచ్చటగా కలుసుకుంటున్నాయి. ఇంకెవరైనా అయితే పని సులువైందని సంతోషించేవాళ్ళు. గొంతక్కకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

"ఆ పిల్ల మన భాష నేర్చుకుంటోందండీ," అంది ఆ సాయంత్రం భర్తతో.

"మంచిదేగా."

"ఏం మంచి? దానికి మాటలొస్తే ఇక నేనెందుకు?"

"అలాంటిదేమన్నా ఉంటే నీకు చెప్పరా?"

"చెప్పి చేస్తారా ఎవరైనా? నా పొట్టకి ఎసరు పెట్టేవాళ్ళు నన్నడిగి పెడతారా?"

ఆయన మాట మార్చేశాడు, అన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం నేర్చుకున్నాడు. ఆమె భయం మరీ గాలికి పుట్టింది కాదని ఆయనకీ తెలుసు. ఒకప్పుడు ఆమె గొంతు ఐదారు సీరియళ్ళలో మోగేది. కుర్ర గొంతులొచ్చి ఒక్కొక్కటీ పట్టుకుపోయాయి. ఇప్పుడు మిగిలింది ఈ కోడలొక్కతే, అది కూడా పోతే ఇంట్లో కూర్చోవడమే.

వారం తిరగలేదు, ఇంకొకటి కంటపడింది. మధ్యాహ్నం ఆమె స్టూడియోకి కాస్త ముందే వచ్చేసరికి రికార్డింగ్ గదిలోంచి కోడలు బయటికొస్తోంది. కోడలికి ఆ గదిలో ఏం పని? ఆ అమ్మాయి గొంతక్కని చూసి తుళ్ళిపడి, "అక్కా, బాగుందా?" అని వచ్చిన రెండు మాటలూ అనేసి మెట్లు దిగిపోయింది. లోపల సౌండ్ ఇంజనీరు హడావిడిగా ఏదో చెరిపేస్తున్నాడు.

"ఆవిడెందుకు వచ్చింది?" అంది గొంతక్క.

"ఊరికేనక్కా. గది చూస్తానంటే..."

"ఇన్నేళ్ళు చూడని గది ఇవాళ చూడాలనిపించిందా?"

అతను మొహం తిప్పుకుని మీటలు సర్దసాగాడు. అబద్ధం చెప్పే ముందు మనిషి ఊపిరి ఎలా బిగబడుతుందో గొంతక్కకి ఒకరు చెప్పాలా? ఆ రోజు నుంచి స్టూడియోలో ఇద్దరు గుసగుసలాడితే తన గురించే అనుకుంది, ఎవరైనా నవ్వితే తనని చూసే అనుకుంది.

ఇంతలో అవార్డుల రోజులొచ్చాయి. ఏటా ఒకసారి ఆ ఛానల్ వాళ్ళు తమ సీరియళ్ళకి తామే అవార్డులు ఇచ్చుకుంటారు. పెద్ద హాలు, ఎర్ర తివాచీ, ఎదురుపడితే వాటేసుకుని వెనక్కి తిరగ్గానే చెవులు కొరుక్కునే జనం. ఉత్తమ అత్త, ఉత్తమ కోడలు, ఉత్తమ తోడికోడలు, ఉత్తమ జంట, ఆఖరికి ఉత్తమ కొట్లాట కూడా ఉంది. ఒక ఏడాది ఏదో సీరియల్లో ఆడిన కుక్కపిల్లకి ఇచ్చారు. దాన్ని ఎత్తుకొచ్చినతను దాని తరఫున చాలాసేపు మాట్లాడాడు. గొంతులకి మాత్రం ఏ అవార్డూ లేదు. ఆ కుక్కపిల్లని గొంతక్క ఈనాటికీ క్షమించలేదు. ఇలాంటివి తనకి పట్టవని పైకి అనేది గానీ అది ఒట్టి మాట. ఒక్కసారి, అంతమంది ముందు, 'ఈ గొంతు ఫలానా మనిషిది' అని ఎవరైనా అంటే వినాలని ఆమెకి ఎంత కోరికో చెప్పలేం. ఆ కోరికని మొగుడి దగ్గర కూడా ఎప్పుడూ బయటపెట్టలేదు.

కిందటేడు ఉత్తమ కోడలు అవార్డు ఈ అమ్మాయికే వచ్చింది. వేదికెక్కి బట్టీపట్టిన రెండు ముక్కలు సొంత గొంతుతో మాట్లాడగానే హాలు హాలంతా తెల్లబోయింది. ఆ అమ్మాయిది కాస్త బొంగురు గొంతు. మా కోడలికి జలుబు చేసిందా, మందేమన్నా వేశారా అని ఛానల్‌కి ఒకటే ఫోన్లు. అందుకని ఈసారి ఛానల్ మేనేజరు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అతను.

"ఆవిడ చేతిలో ఉత్తుత్తి మైకు ఉంటుంది గొంతక్కా. వేదిక వెనక నల్లతెర చాటున మీరు అసలు మైకు పట్టుకుని కూర్చుంటారు. ఆవిడ పెదాలు కదుపుతుంది, మీరు మాట్లాడతారు."

"ప్రత్యక్ష ప్రసారంలోనా?"

"రోజూ చేసే పనేగా."

"రోజూ చేసేది కథ కదా బాబూ. ఇది ఆ పిల్ల సొంత మాటాయె."

"సొంత మాటేంటక్కా, అదీ మనం రాసిందే," అని నవ్వి, రాసిన కాగితం చేతిలో పెట్టాడు.

ఆ నవ్వు గొంతక్కకి నచ్చలేదు. ఇంటికెళ్ళేలోపు కథంతా అల్లేసుకుంది. ముందు తన గొంతుతో నాలుగు మాటలు మాట్లాడిస్తారు. ఆ తర్వాత కోడలు అందరి ముందూ, 'ఇదిగో, నేను భాష నేర్చుకున్నాను, ఇకమీదట నా మాట నేనే చెప్పుకుంటాను' అంటుంది. జనం చప్పట్లు కొడతారు. తను నల్లతెర వెనక నుంచి అటే బస్టాపుకి పోవచ్చు. భర్తకి చెబితే ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నువ్వు సీరియళ్ళు రాస్తే బాగుండేది," అన్నాడు. ఆమె ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

అవార్డుల రోజు సాయంత్రం నల్లతెర వెనక ఒక స్టూలు, చిన్న బల్ల దీపం, అరచేతంత టీవీ పెట్టారు. నాలుగడుగుల అవతల సౌండ్ ఇంజనీరు తన మీటల ముందు కూర్చున్నాడు. అతను మాటిమాటికీ తనకేసి చూస్తున్నాడని గొంతక్క కనిపెట్టింది. తను చూస్తే మాత్రం చూపు తిప్పుకుంటున్నాడు.

ఉత్తమ కోడలి పేరు చదివారు. హాలు ఈలలతో దద్దరిల్లింది. చిన్న టీవీలో కోడలి మొహం నిండుగా కనబడింది. ఆ అమ్మాయి అవార్డు అందుకుని, ఉత్తుత్తి మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"అందరికీ నా ధన్యవాదాలు," అంది గొంతక్క. పెదాలు చక్కగా కలిశాయి. "నన్ను మీ ఇంటి పిల్లలా చూసుకున్నారు." అదీ కుదిరింది. హాల్లో ఎవరికీ ఇసుమంతైనా అనుమానం రాలేదు.

మూడో వాక్యం దర్శకుడికి కృతజ్ఞతలు. గొంతక్క నోరు తెరవబోయి ఆగిపోయింది. టీవీలో పెదాలు కాగితంలో లేని మాటలు పలుకుతున్నాయి. అంకెలు కావు, వేరే భాష కాదు. మన మాటలే, నిదానంగా, తడబాటు లేకుండా. పక్కకి చూస్తే ఇంజనీరు వేలు ఒక మీట మీద ఆనించి, రెప్ప వేయకుండా తనకేసే చూస్తున్నాడు. అనుకున్నంతా అయింది. కోడలి చేతిలో ఉన్నది ఉత్తుత్తి మైకు కాదు, తను నోరు మూసుకోవడమే ఆలస్యం, దాన్ని తెరిచేస్తాడు.

తెరవనిస్తుందా? చూపు టీవీ మీద నుంచి కాగితం మీదికి దించేసింది. పెదాలు చూడకుండా మైకులో మాట్లాడటం పనిలో చేరాక అదే మొదలు. దర్శకుడికి, రచయితకి, తోటి నటులకి అని గడగడా చదివేసింది. ఎక్కడా సందు ఇవ్వలేదు, ఊపిరి కూడా మాటల్లో కలిపేసి తీసుకుంది. కాగితం అయిపోయింది. అయినా ఆగకుండా సొంతంగా అందుకుంది. లైట్లు పట్టుకునేవాళ్ళకీ, జడలు వేసేవాళ్ళకీ, పొయ్యి మీద కూర మాడుతున్నా సీరియల్ ముందు నుంచి లేవని అమ్మలక్కలకీ, ఆ మాడిన కూర నోరెత్తకుండా తినే అయ్యలకీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పింది. హాలు పగలబడి నవ్వింది. ఆమె తలెత్తేసరికి టీవీలో పెదాలు మూసుకుని ఉన్నాయి. ఆ అమ్మాయి చిన్నగా నవ్వి, అందరికీ చెయ్యి ఊపి దిగిపోయింది.

ఇంజనీరు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేశాడు.

"ఎందుకలా చేశారక్కా? మీరొక్క క్షణం ఆగుంటే ఆ మైకు తెరిచేవాణ్ణి."

"తెలుసు నాయనా. అందుకే ఆగలేదు."

అతను ఇంకేదో చెప్పబోతున్నా వినకుండా గొంతక్క లేచింది. బయటికి వెళ్తుంటే నడవలో కోడలు ఎదురొచ్చింది. చేతిలో అవార్డు, మొహంలో నవ్వు లేదు. "అక్కా," అంది. గొంతక్క తలనొప్పిగా ఉందని చెప్పి తప్పుకుంది. దోమకుట్టినంత జాలి కూడా వేయలేదు ఆమెకి. ఇంటికెళ్ళి ఎంత పెద్ద కుట్రని ఎంత తెలివిగా తిప్పికొట్టిందో అన్నం తింటున్నంతసేపూ చెప్పింది. భర్త ఊఁ కొడుతూ విన్నాడు.

తెల్లారి కాఫీ తాగుతూ ఆయన ఫోన్లో అవార్డుల వీడియోలోని ఆ ముక్కే చూస్తున్నాడు.

"భలే నవ్వించావు," అన్నాడు. "అవునుగానీ, ఆ అమ్మాయి మధ్యలో వెనక్కి తిరిగి చెయ్యి చాపుతోందేం?"

"ఏదీ?"

ఫోను అందుకుని, అలవాటు కొద్దీ ముందు శబ్దం తీసేసింది. మొదటి రెండు వాక్యాలూ తనవే. ఆ తర్వాత కోడలు ఒక్కొక్క మాటనీ విడదీసి, పెదాలు పూర్తిగా కదుపుతూ మాట్లాడింది. హాల్లో వాళ్ళకి అంత విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పెదాలు చూసి మాట పట్టుకునే మనిషి కోసం అలా పలికింది. గొంతక్కకి ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు.

'నాకు ఈ భాష ఇంకా సరిగా రాదు. ఈ నాలుగు మాటలు చెప్పాలని నేర్చుకున్నాను. ఇన్నేళ్ళు మీరు విన్న గొంతు నాది కాదు. కన్నీళ్ళు మాత్రమే నావి, ఏడుపు మా అక్కది. అక్క ఆ తెర వెనకాలే ఉంది.' అప్పుడు ఆ అమ్మాయి సగం వెనక్కి తిరిగి నల్లతెర వైపు చెయ్యి చాపింది. 'అక్కా, ఒక్కసారి బయటికి రండి.' చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. కాసేపటికి ఆ చెయ్యి దించేసి, ముందుకు తిరిగి, పెదాలు మూసుకుంది.

గొంతక్క మళ్ళీ మొదట్నుంచి పెట్టి, ఈసారి శబ్దం కూడా పెట్టింది. ఆ అమ్మాయి చెయ్యి చాపి నిలబడ్డంతసేపూ తన గొంతు మాడిన కూర గురించి చెబుతూనే ఉంది. అదీ ఆటలో భాగమనుకుని హాలు విరగబడి నవ్వుతూనే ఉంది. వినలేక ఫోను బోర్లించేసింది. ఆ రోజు రికార్డింగ్ గదిలో ఆ పిల్ల దొంగచాటుగా నేర్చుకున్నది ఈ నాలుగు మాటలేనా? కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. ఇన్నేళ్ళు కోడలి ఏడుపంతా తనే ఏడ్చిన మనిషికి, తన ఏడుపు వచ్చేసరికి గొంతు పెగల్లేదు.

భర్త కంగారుగా దగ్గరికొచ్చాడు.

"ఏమైందే? ఆ అమ్మాయి ఏమంది?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నన్ను పిలిచిందండీ," అంది. "నేనే పలకలేదు."