డ్రమ్ము గొంతు మార్చే చిన్నాయన

పంతొమ్మిది వందల నలభైల్లో మా చిన్నాయన వరంగల్‌లో పెళ్లి బ్యాండులో సైడు డ్రమ్ము వాయించేవాడు. ఎప్పుడూ దాని గొంతు మారుస్తూ ఉండేవాడు. ఒకరోజు దానిపై రుమాలు పరిస్తే, మరోరోజు తోలుముక్క అంటించేవాడు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

మా అక్కకు పుట్టుచెవుడు. ఆమె పెళ్లి ఊరేగింపులో చిన్నాయన ఉన్నట్టుండి వాయించడం ఆపి, రుమాలు తీసేసి, డ్రమ్ము అడుగున గరగరలాడే తీగలను వదులు చేశాడు. మగపెళ్లివారు విసుక్కున్నారు.

“ఏం జేస్తానవ్ చిన్నాయనా?” అన్నాను.

“జర ఆగు బిడ్డా. పెళ్లిపిల్లకు గూడ ఇనిపియ్యాలె గద!”

అక్క అరచేతిని డ్రమ్ము పక్కకు ఆనించి, నిదానంగా కొట్టాడు. అక్క ఉలిక్కిపడింది. మరుక్షణం పెళ్లికొడుకు చెయ్యి లాగి, తన చేతి పక్కన పెట్టుకుంది.